పోలిక కోసం వచ్చిన మనిషి

మార్చి 3, 2014. లాంగ్నౌ, స్విట్జర్లాండ్
నేను చెబుతున్నాను, బెసార్తా రాస్తోంది. రోజూ వచ్చి నా కాళ్ళకు కట్టు కట్టే నర్సు. నాకు చదువు రాదు. బడికి పోవాల్సిన వయసులో ఆవుల కింద ఉన్నాను. నా మాటలు సర్దితే చెవి మెలిపెడతానన్నాను. మీ చెయ్యి నా చెవిదాకా లేవదు పెద్దమ్మా, అంది.

మార్చి 4. ఉదయం 6.10
దూది చుట్ట నమిలి గొట్టంలో వేశాను. అరగంటకి మళ్ళీ. బెర్న్ ల్యాబ్‌కి. చిన్నప్పుడు పడ్డ బాధ ముసలి ఒంట్లో ఇంకా ఏం చేస్తోందో ఉమ్మిలో, రక్తంలో చూస్తారట. నా మోకాళ్ళనడిగినా చెప్పేవి. పోనీలే. ఇన్నేళ్ళకి అడిగిన మొదటివాళ్ళు వీళ్ళే. వాళ్ళ కడుపు చల్లగా ఉండాలి.

మార్చి 6
పెళ్ళి కాకుండా కన్నదని, మా అమ్మ దగ్గర నుంచి నన్ను ఊరి పెద్దలు లాక్కెళ్ళారు. ఆరేళ్ళదాన్ని. ఎగిమన్ అనే రైతు పొలంలో పనికి అప్పగించారు. తొమ్మిదేళ్ళు. గుడ్డు పగిలితే బెల్టు, పగలకపోతే కూడా బెల్టు.
పాత కాగితాల ఆఫీసు నుంచి నా ఫైలు వచ్చింది. తనిఖీకి వచ్చినాయన ఏడాదికో ముక్క రాశాడు. పిల్ల క్షేమం. మళ్ళీ ఏడాది, పిల్ల క్షేమం. తొమ్మిదో ముక్క బెసార్తా చదవలేదు. కిటికీ తెరవడానికి లేచింది.

మార్చి 10
ల్యాబ్ డాక్టర్ సెరైనాని గట్టిగా అడిగాను. నా రక్తం చూసి ఆ ఫైలు అబద్ధమని రాసివ్వమన్నాను. ఒక్కరి రక్తం సాక్ష్యం చెప్పదమ్మా, వందలమందిది కలిపి చూస్తేనే ఏదైనా తెలిసేది, అంది. మరి నా దెబ్బలు ఎక్కడ రాశారన్నాను. ‘తను చెప్పినది’ అనే గడిలోనట.
నేను చెప్పినది. ఫైలేమో రాసినది.
కానీ ఆవిడ చూపు తిప్పుకోలేదు. లిఫ్ట్ దాకా నా చెయ్యి పట్టుకుని వచ్చింది. ఆవిడ మీద నాకు కోపం లేదు.

మార్చి 17
ల్యాబ్ బెంచీ మీద వెరేనా ఎగిమన్. ఆ రైతు కూతురు. నా కన్నా ఏడాది చిన్నది. కంట్రోల్ గ్రూప్‌కి వచ్చిందట. అంటే అదే లోయలో, అదే కాలంలో, సొంతింట్లో సుఖంగా పెరిగినవాళ్ళు. వాళ్ళ రక్తం పక్కన మా రక్తం పెట్టి చూస్తారు.
నువ్వింకా ఉన్నావా హెడీ, అంది. మీ నాన్న చెయ్యగలిగింది చేశాడు, అయినా ఉన్నాను, అన్నాను. పోలికకు సరైనదాన్నే పట్టారు, నీ మంచం కింద పొయ్యి వెచ్చదనం, నా మంచం కింద పందులు, అన్నాను. ఆమెను లోపలికి పిలిచారు. నేను రైలెక్కాను.

మార్చి 18
ఒళ్ళు మంట. బెసార్తా మీద కూడా అరిచాను.

మార్చి 21. సాయంత్రం 4
గుమ్మంలో వెరేనా. చేతిలో జడలా అల్లిన రొట్టె. నిలబడే చెప్పింది. ఫారంలో ఒక ప్రశ్న ఉందట, చిన్నప్పుడు మీ ఇంట్లో ఎవరినైనా కొట్టడం చూశారా అని. అవును అని గీసిందట. ఎంత తరచుగా అంటే, రోజూ అని. కింద హెడ్విగ్ జాగ్ అని నా పూర్తి పేరు రాసిందట. పేర్లు అక్కర్లేదండీ అని అక్కడి అమ్మాయి అంటే, నాకు అక్కర ఉంది అందట. రోజూ దెబ్బలు చూసి పెరిగినవాళ్ళు పోలికకు పనికిరారని పంపేశారట.
మెట్ల మీద కూర్చుని చెవులు మూసుకునేదాన్ని హెడీ, అంది.
క్షమించమనలేదు. క్షమించాననీ అనలేదు నేను. రొట్టె కోసి వెన్న మందంగా రాశాను. ఇద్దరం తిన్నాం.
నా సంగతి ఇంకో చేత్తో రాసి ఉంది. ఎగిమన్ ఇంటి చేత్తోనే.

మార్చి 22
ఆ పొలంలో థాంక్స్ అనే మాట కొట్టి చెప్పించేవాళ్ళు. అందుకే పెద్దయ్యాక ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్నవాడికి కూడా. నిన్న వెరేనాకి చెప్పాను. దానంతటదే వచ్చింది.

మార్చి 26
వెరేనా ఫోన్. తనను ఏ గుంపులో వేస్తారని డాక్టర్ని అడిగిందట. దేనిలోనూ కాదట.
ఆదివారం రమ్మన్నాను.