ఎగరని కాయ

మే 6

కోత మొదలైంది. కాలేజీ సెలవులు కాబట్టి అమ్మతో పాటు నేనూ రెడ్డిగూడెం మామిడి తోటలో ప్యాకింగ్‌కి వెళ్తున్నాను. అన్నాల దగ్గర యూట్యూబ్‌లో నేర్చిన కాయిన్ ట్రిక్ చేశాను. మాయమైన రూపాయిని యజమాని తల్లి పున్నమ్మ గారి చెవి వెనక నుంచి తీస్తే ఆవిడ పడీ పడీ నవ్వారు. సాయంత్రానికి నా పేరు మ్యాజిక్ శ్వేత.

మే 8

ఒళ్లు మండిపోతోంది. పున్నమ్మ గారి ఉంగరం పోయింది. మామిడి సొన అంటుతుందని తీసి గడ్డి మీద పెట్టారట. నేను అది తీసి చున్నీలో దాచడం మేస్త్రి రవిచంద్ర కళ్లారా చూశాడట. ఆ పూటంతా నేను షెడ్డు ఇంకో చివర స్టిక్కర్లు అంటిస్తున్నాను! రూపాయి మాయం చేసిన పిల్ల కాక ఇంకెవరు తీస్తారన్నాడు. అబద్ధమాడుతున్నాడా అంటే అదీ కాదు. నిజంగా చూశాననే నమ్ముతున్నాడు.

ఉంగరం ఇచ్చేదాకా అమ్మకీ నాకూ పని లేదన్నారు. అమ్మ అక్కడ నన్ను వెనకేసుకు రాలేదు. ఇంటికొచ్చి, తీశావా అని నన్నే అడిగింది.

మే 9

అమ్మ అన్నం తినలేదు. రేపు వాళ్ల కళ్లు ఏపాటివో వాళ్లకే చూపిస్తాను.

మే 10

షెడ్డుకెళ్లి అందరి ముందూ కూర్చుని ఒక చిన్నరసం కాయ పైకి విసిరి పట్టుకున్నాను. మళ్లీ విసిరాను. మూడోసారి కాయ ఒళ్లో జారవిడిచి, ఉత్త చెయ్యి ఊపి తల పైకెత్తాను. అందరి తలలూ లేచాయి. కాయ గాల్లోనే మాయమైందన్నారు. రవిచంద్ర అయితే పైకప్పు రేకుల దాకా వెళ్లడం చూశానన్నాడు.

ఒళ్లోంచి కాయ తీశాను. ఇది ఎగరనే లేదు, ఎగురుతుందనుకున్నారు కాబట్టి కనిపించింది, ఉంగరం సంగతీ అంతే అన్నాను.

గెలిచాననుకున్నాను. ఇంతమంది చూస్తుండగా కాయనే దాచింది, దీనికి ఉంగరం ఒక లెక్కా అన్నాడు రవిచంద్ర. అందరూ అవునన్నారు. నా వేలితో నా కన్నే పొడుచుకున్నాను.

మే 13

ఉంగరం దొరికింది. పున్నమ్మ గారి చీర ఉతకబోతే కొంగు ముడిలో ఉందట. తనే కట్టుకుని మర్చిపోయారన్నమాట. కబురు పెడితే వెళ్లాం. తప్పయిందంటారనుకున్నాను.

ఆవిడ నా చేతులు పట్టుకుని తిప్పి తిప్పి చూశారు. నాకు తెలియకుండా నా కొంగున ఎప్పుడు కట్టావే అన్నారు. రేపటి నుంచి పనికి రమ్మన్నారు.

దారంతా అమ్మ నా చేతుల వైపే చూస్తూ నడిచింది.