లిఫ్టు గొయ్యిలో మంచినీళ్లు

బావా,

నీ చెల్లెలికి డెంగీ తెప్పించింది నువ్వే. దోమ కాదు, నువ్వే. కోపమొస్తే రానీ, చదవడం మాత్రం ఆపకు.

నీ మేడలో లిఫ్టు కోసం తవ్వించిన గొయ్యి వాననీళ్లతో నిండి ఎన్నాళ్లయింది? దాని పక్క గదిలోనే కదా ఆమె పొద్దంతా కుట్టుమిషను తొక్కేది! తోడించమంటే నువ్వేమన్నావు? "అది మురుగు కాదయ్యా, అద్దంలాంటి మంచినీళ్లు. నీకు ప్రతిదీ ఉద్యమమే!" అన్నావు. ఆ దోమ గుడ్లు పెట్టేది అలాంటి నీళ్లలోనే, కుట్టేది పట్టపగలే. నువ్వేమో రాత్రిపూట పొగ కొట్టించి చేతులు దులుపుకున్నావు.

ఆసుపత్రిలో ఇవాళ ఆమెకు జ్వరం తగ్గింది. హమ్మయ్య అనుకునేలోపు డాక్టరమ్మ ఆపేసింది. "అసలు ప్రమాదం ఇప్పుడే. దీనికంటూ వేరే మందు లేదు, సెలైన్ పెట్టి కనిపెట్టుకుని ఉండాలి" అంది. బతుకంతా ఎవరో ఒకరిని నిలదీసినవాణ్ని. ఇక్కడ ఎవర్ని నిలదీయను? సెలైన్ సీసానా? ఆమె కళ్లు తెరిచినప్పుడల్లా, "అన్నయ్యను ఏమీ అనకండి" అంటోంది. అందుకే ఫోన్లో అరవకుండా రాస్తున్నాను.

నా డిమాండ్లు ఇవీ:

ఈరోజే గొయ్యి తోడించి, మూత వేయించు.

డాబా మీది పాత టైర్లు తీసేయించు. డ్రమ్ములు, కుండీల కింది పళ్లేలు వారం వారం బోర్లించి తోమించు.

దోమతెర తీసుకురా. ఆమెను కుట్టిన దోమ పక్క మంచం మీదికి పోకూడదు.

నువ్వూ రా. వచ్చి ఆమె చెయ్యి పట్టుకో. నేను పట్టుకుంటే నా భయం ఆమెకు తెలిసిపోతోంది.