తారు రోడ్డెక్కాక

ఏవండీ,

మన ఫోర్‌వీల్ జీపుకి కొత్త టైర్లు వేయించాను. ఇసుకలో తిరగాలంటే లోతు గాట్లవే మంచివని షాపాయన పట్టుబట్టాడు. అవి ఇసుకని తవ్వుకుని కూరుకుపోతాయని మీరనేవారుగా, వెడల్పుగా ఉన్నవే తీసుకుని, నిమ్మకాయలు తొక్కించాను.

పురిటికొచ్చిన మీ చెల్లెలికి ఇవాళ నొప్పులు మొదలయ్యాయి. చూస్తే, ఉప్పాడ దగ్గర సముద్రం రోడ్డుని కోసేసింది. మీ తమ్ముడు టైర్లలో గాలి తగ్గించి, జీపుని ఇసుక మీదుగా దాటించాడు. తారు రోడ్డెక్కగానే ఆపమన్నాను.

"ఇప్పుడు గాలి కొట్టడమేంటి వదినా? ఆసుపత్రి దగ్గరేగా!"

"ఆపమన్నానా!"

మిట్టమధ్యాహ్నం. తారు చెప్పులకి అంటుకుంటోంది. వెనక మీ చెల్లెలు కేకలు పెడుతోంది. వాడు గొణుక్కుంటూనే పంపు తొక్కాడు. నాలుగు టైర్లూ గట్టిపడేదాకా నేను జీపెక్కలేదు.

మన బాబుకి మరదలు పుట్టిందండీ.

బాబు పుట్టిన రోజున వెనక సీట్లో నేనున్నాను. "నువ్వు ఓర్చుకోలేవు" అంటూ, గాలి కొట్టకుండానే మీరు తారు రోడ్డు మీద పోనిచ్చారు. ఆ ఎండకి మెత్తటి టైరు పేలిపోయింది. బాబుకి మీరు ఫొటోలోనే తెలుసు.

నేను ఓర్చుకునేదాన్నండీ.