హుషారు కొలిచే పిడి

శ్రీవారికి,

మీ ఆవిడ నమస్కరించి రాసేది. ఇక్కడ నేనూ, అమ్మాయీ, గాజుతొట్టెలో మీ చేపలూ క్షేమం. కాలు విరిగి ఆ ఆస్పత్రిలో చేరినప్పట్నుంచీ మీరు ఫోను ఎత్తరు, ఉత్తరానికైతే జవాబిస్తారు. అందుకే ఈ కాగితం.

అమ్మాయి లెక్కల్లో గట్టెక్కింది. మన లిఫ్టు మళ్లీ మొరాయించింది. మీ బదులు వచ్చిన మెకానిక్ దాన్ని చూసి తల గోక్కుని, "సారెప్పుడొస్తారమ్మా?" అని అడిగి వెళ్లాడు. అందాకా మెట్లే దిక్కు.

ఇక మీ ప్రశ్న. "మీ ఆఫీసులో మనుషుల హుషారు కొలుస్తారుగా, నాదెంతుందో కొలిచి పంపు. అది వచ్చిన రోజు లేచి నడుస్తా" అని రాశారు. వెటకారమని తెలుసు. అయినా చెప్తాను.

మేం కొలిచేది ఒక పిడితో. ఫలానాది కావాలంటే మనిషి దాన్ని ఎంత గట్టిగా పిసుకుతాడో, అదే లెక్క. ఆ లెక్కనే కంప్యూటర్లో ఓ బొమ్మకు పెట్టాం. వాణ్ని బుజ్జిగాడంటాం. తొట్టెడు హుషారు పోసి, అడుగేస్తే కొంత ఖర్చు, గమ్యం చేరితే మళ్లీ నిండుతుందని ఏర్పాటు చేశాం. ఆ మహానుభావుడు ఖర్చయిపోతుందని మూల కూర్చున్నాడు, పిసినారి! "ఇంకా పొయ్యండి" అన్నాడు మా బాసు. పోశాం. చీమ కుట్టినట్టయినా లేదు. నవ్వొచ్చింది. అంతలో మీరు గుర్తొచ్చి నవ్వు పోయింది.

చివరికి తొట్టె ఖాళీ చేసి, నడిచేకొద్దీ కొంచెం కొంచెం నిండేలా మార్చాం. ఇప్పుడు కాలు నిలవడం లేదు వాడికి. మొదటి అడుగు మాత్రం ఖాళీ తొట్టెతోనే వెయ్యాలి. దానికి మా దగ్గర లెక్క లేదు.

ఇంతసేపూ దాటేసిన సంగతొకటుంది. మొన్న మధ్యాహ్నం ఆ పిడి నేనే పట్టుకున్నాను. జీతం పెరగాలని పిసికాను, అమ్మాయితో సముద్రం చూడాలని పిసికాను. పిడి మీది ముల్లు బాగానే లేచింది. ఆఖర్న, మిమ్మల్ని చూడ్డానికి రావాలని తలుచుకుని పట్టుకున్నాను. లేవలేదు. పక్క సీటమ్మాయి "పిడి పాడైనట్టుంది మేడమ్" అంది. పిడి బాగానే ఉంది. వచ్చిన ప్రతిసారీ మీరు గోడవైపు తిరిగి "ఎందుకొచ్చావ్?" అంటారు. మనిషి ఎన్నిసార్లని వస్తుందండీ? మీ మీద ప్రేమే పోయిందేమోనని భయమేసి బాత్రూంలో ఏడ్చాను.

ముఖం కడుక్కుని వచ్చి ఆదివారం బస్సుకు టిక్కెట్టు తీశాను. రావాలని లేదు. అయినా వస్తున్నాను.

వ్యాయామం చేయించే అబ్బాయి నిన్న ఫోన్ చేశాడు. "ఎముక ఎప్పుడో అతికిందండీ, సారే మంచం దిగట్లేదు" అన్నాడు. మీ గది నుంచి గేటు దాకా గోడకు కమ్మీ ఉంది. మీకు నడవాలని ఉండదు. ఉండక్కర్లేదు. ఈసారి నేను లోపలికి రాను.

ఇట్లు,
గేటు దగ్గర నిలబడి ఉండే
మీ ఆవిడ