గాజుతొట్టిలో కిక్కిరిసిన చేపలు

నడికుడి, 1946 మే, గురువారం రాత్రి

పొద్దున తొట్టిలో మళ్ళీ రెండు చేపలు చచ్చి తేలాయి. పనిమనిషి మస్తాన్‌బీని మాన్పించి వారమైంది. ఆమె సబ్బు చేతులు నీళ్ళలో పెట్టడం వల్లే చేపలు చస్తున్నాయని మా ఆయన అంటే నేనూ నమ్మాను. మరి ఈ వారం ఎవరు చేతులు పెట్టినట్టు?

ఆయన్నే అడిగాను. "దొడ్డి తలుపు తీసుంటే మస్తాన్‌బీ వచ్చిపోయిందేమో" అన్నారు, నా వంక చూడకుండా.

ఆయన రైల్వే స్టేషన్‌కి డ్యూటీకి వెళ్ళాక తొట్టి ముందు కూర్చున్నాను. అంత చిన్న తొట్టిలో ఎన్ని సముద్రపు చేపలు! మసలడానికి చోటు లేదు. అన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. చారల చేప చిన్నవాటి తోకలు కొరుకుతోంది. రోజూ ఇక్కడే కూర్చునే మనిషికి ఇది కనపడలేదా?

సాయంత్రం ఆయన ఇంటికొచ్చాక, ఎప్పుడూ చేపలు తెచ్చిపెట్టే రైలు గార్డుగారు బాపట్ల నుంచి సముద్రపు నీళ్ళతో సహా ఇంకో డబ్బా చేపలు తెచ్చి ఇచ్చి వెళ్ళారు.

"ఉన్నవే ఊపిరాడక చస్తున్నాయి. వీటికి చోటెక్కడిదండీ?" అన్నాను మా ఆయనతో.

"నాకు తెలవదా ఏంది? నిండుగా ఉంటేనే చూసేవాళ్ళకి బాగుంటది. చస్తే మళ్ళీ తెప్పిస్తా" అంటూ డబ్బా వంపేశారు.

తెలిసే ఆ నింద వేశారన్నమాట!

వెంటనే మస్తాన్‌బీ ఇంటికి వెళ్ళి, నీ తప్పేం లేదు, రేపు పనికి రమ్మన్నాను.

"అయ్యగారు పదిమందిలో అన్నాడమ్మా. ఆయన్నే వచ్చి పిలవమను" అంది.

ఆ మాట చెబితే ఆయన వినపడనట్టు గాజు తుడుస్తూ ఉండిపోయారు. కొత్త చేపలు కూడా అప్పుడే పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఇవీ చస్తే ఈసారి ఎవరి పేరు చెబుతారో. ఇంట్లో మిగిలింది నేనే...