పరగడుపున ముక్కుమందు

9-2-2003, ఆదివారం. సాయంత్రం

ఇవాళ నేను చేసిన పని హాస్పిటల్లో తెలిస్తే మళ్లీ తలెత్తుకోలేను. ఎవరితోనూ అనలేను కాబట్టి ఇందులో రాస్తున్నా.

పెదనాన్న పోయి ఆరు రోజులు. పలకరించి వద్దామని నిన్న మా ఊరు వెళ్లాను. ఆదివారం పొద్దున నాన్న కామెర్లకు ముక్కుమందు ఇస్తాడు. ముప్ఫయ్యేళ్లుగా ఊరికే ఇస్తున్నాడు. దర్శి చుట్టుపక్కల బుల్లయ్య అంటే మిరప రైతని ఎవరికీ తెలియదు, ముక్కుమందు బుల్లయ్య అంటేనే తెలుస్తుంది. కానీ మైలలో మందు ముట్టకూడదు. తెల్లారేసరికి వాకిట్లో పదిమంది పరగడుపున కూర్చుని ఉన్నారు. నువ్వు ఇంకో ఇంటిదానివి, నీకు మైల మూడ్రోజులతో సరి, నువ్వియ్యవే జ్యోతీ అని నాన్న దొడ్లోంచే కేకేశాడు. నేను స్టాఫ్ నర్సుని, నా ఉద్యోగం ఊడుతుంది నాన్నా అన్నాను. అయితే పో, వాళ్లందర్నీ నువ్వే ఎల్లగొట్టుకో అన్నాడు. ఎల్లగొట్టలేకపోయాను.

ఆ మందు సంగతి నాకు తెలియనిదా! ఏదో అడవి చేదుకాయ ఎండబెట్టి నూరిన పొడి. తల వెనక్కి వాల్పించి ముక్కులో చిటికెడు వేస్తే, కాసేపటికి పచ్చటి నీళ్లు ధారగా కారతాయి. కామెర్లు కారిపోతున్నాయని జనానికి సంబరం. నర్సింగ్ ఫస్టియర్లో నేనే వేసుకుని చూశా. ఏ జబ్బూ లేని నాకూ పచ్చగానే కారింది. నాన్నకు చెబితే, ఆ మాత్రం నాకు తెలవదటే అని నవ్వాడు. ఆ పచ్చనీళ్లు కళ్లతో చూస్తేనే మగాళ్లు సారా మానతారు, ఆడాళ్లు చేలోకి పోకుండా నడుం వాలుస్తారు, ఇరవయ్యొక్క రోజులు నూనె ముట్టరు, నువ్వు ఇంగ్లీషులో చెబితే మానతారా ఏంది అన్నాడు. నిజమే. మామూలు కామెర్లకు మేం చెప్పేదీ అదే కదా, రెస్టు, పత్యం.

పదిమందికీ ఇచ్చేశాను. కొంగు తలమీదుగా లాక్కుని, ఎవరి మొహమూ చూడకుండా.

11-2-2003

ఆదివారం నుంచి తుమ్ములు ఆగట్లేదు. సీనియర్ నర్సు రెబ్కా అక్క డస్ట్ ఎలర్జీ అంది. అవునన్నాను.

13-2-2003, గురువారం

చీమకుర్తి నుంచి ఆటోలో ఒకమ్మాయిని తెచ్చారు. మల్లేశ్వరి, ఇరవై రెండేళ్లు. భర్త పానకాలు గ్రానైట్ కటింగ్ యూనిట్లో పని చేస్తాడు. కళ్లు పసుపు ముద్దలు. మత్తుగా ఉంది, పేరడిగితే ఇంకేదో చెబుతోంది. ముక్కు చుట్టూ ఎండిన రక్తం. నాలుగో నెల కడుపు.

చూడగానే చీరను బట్టి గుర్తుపట్టాను. ఆదివారం అయిదో మనిషి. అదే నీలం చీర.

డాక్టర్ ఉదయ్ కుమార్ గారు ముక్కులో టార్చి వేసి చూసి, ఏ వెధవ వేశాడయ్యా ఇది అని అరిచారు. పానకాలు నోరు విప్పలేదు. ఇచ్చినవాళ్ల పేరు చెబితే మందు పని చెయ్యదని వీళ్ల నమ్మకం. నావైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. దండం పెట్టబోయాడు. నేను సెలైన్ స్టాండు సర్దుతున్నట్టు అటు తిరిగాను. ఆ వేసినోడి చేతులు పడిపోను అంది రెబ్కా అక్క. అవునక్కా అన్నాను. ఛీ, అవునక్కా అన్నాను!

ఆదివారం ఒక సంగతి రాయలేదు. నాన్న దొడ్లోంచి మూడుసార్లు అరిచి చెప్పాడు. ఆడమనిషి వస్తే ముందు నెల తప్పిందేమో అడగవే, తప్పితే మందు ఇవ్వమాకు, ఒంగోలు పొమ్మను అని. వేలిముద్ర వేసే మనిషి. ముప్ఫయ్యేళ్లలో కడుపుతో ఉన్నామెకు ఒక్కసారి కూడా ఇవ్వలేదు. నేను అడగలేదు. రోజుకు ఇరవైమందిని ఎల్ఎంపీ ఎప్పుడమ్మా, ఆఖరి నెలసరి ఎప్పుడొచ్చింది అని అడిగే నోరు నాది. నోరు తెరిస్తే హాస్పిటల్‌కి వచ్చిపోయేవాళ్లు ఎవరైనా గొంతు గుర్తుపడతారేమోనని తెరవలేదు. నా పరువు కోసం.

14-2-2003. పొద్దున ఆరు

కడుపు పోయింది. ట్రే నేనే పట్టుకున్నాను.

15-2-2003

పానకాలు వరండాలో ఒక్కడే ఉంటే ఉండబట్టలేక అడిగాను, ఇన్నాళ్లు ఎందుకు ఆగావని. నన్ను ఓదారుస్తున్నట్టు చెప్పాడు. బుల్లయ్యగారే వేసుంటే డాక్టరుకీ ఓసారి చూపిచ్చేవాళ్లమమ్మా, మందేస్తున్నామె ఒంగోల్లో నర్సని మీ వాకిట్లో అనుకున్నారు, నర్సమ్మే వేసిందంటే ఇంక ఆసుపత్రి ఎందుకులే అని ధీమాగా ఉన్నాం అన్నాడు.

అన్నం సయించలేదు. మా ఆయన ఏమైందని అడిగితే డ్యూటీ ఎక్కువైందన్నాను.

16-2-2003, ఆదివారం

ఎస్టీడీ బూత్ నుంచి పక్కింటికి ఫోన్ చేసి నాన్నను పిలిపించాను. అంతా చెప్పాను. అడిగావా అన్నాడు. లేదన్నాను. ఫోన్ పెట్టేశాడు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

కాసేపాగి మళ్లీ చేస్తే అమ్మ వచ్చింది. మైల తీరినా ఇవాళ మందు ఇవ్వలేదట. వచ్చినవాళ్లందర్నీ దండం పెట్టి పంపేశాడట. ఇక ఎప్పటికీ ఇవ్వడట.

20-2-2003

మల్లేశ్వరి లేచింది. మంచినీళ్లు అడిగింది. బతుకుతుంది! బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

కడుపు జబ్బువల్ల పోయిందో, ఆ పొడివల్ల పోయిందో, ఆలస్యంవల్ల పోయిందో ఎవరూ చెప్పలేరన్నారు డాక్టరుగారు. ఆదివారమే వచ్చి ఉంటే మాత్రం ఇంతదాకా వచ్చేది కాదేమో అన్నారు. రేపు ఆయనకు నిజం చెప్పేస్తాను.

21-2-2003

చెప్పలేదు.

24-2-2003, సోమవారం

డిశ్చార్జి. పానకాలు వార్డు మధ్యలో నిలబడి, అందరూ వినేలా, జబ్బు తగ్గింది కాబట్టి ఇంక పేరు చెప్పొచ్చు గదా అని మొదలుపెట్టాడు. ఆరోజు ఈ నర్సమ్మ చేత్తో వేసిన మందుకు పచ్చనీళ్లు పోబట్టే మా ఆడమనిషి ప్రాణం దక్కిందన్నాడు. మీరు పెట్టిన సెలైన్లు కూడా మంచియ్యేలెండి అని డాక్టరుగారికి సర్దిచెప్పాడు. మల్లేశ్వరి లేవలేని ఒంటితో వంగి నా కాళ్లకు దండం పెట్టింది. వద్దమ్మా వద్దమ్మా అంటూ కాళ్లు వెనక్కి తీసుకున్నాను.

రెబ్కా అక్క నా మొహం చూడలేదు. డాక్టరుగారు కబురు చేసేదాకా డ్యూటీకి రావద్దన్నారు. ఆయన గొంతు కూడా పెంచలేదు.

2-3-2003, ఆదివారం. ఉదయం ఆరున్నర

ఇంటి గుమ్మంలో ముగ్గురు. చీమకుర్తి నుంచి. పానకాలు పంపాడట.

నేను మందు వేసినామెకు కడుపు పోయిందని, ఆమె చావుదాకా వెళ్లొచ్చిందని, పచ్చనీళ్లు జబ్బు లేనివాళ్లకూ కారతాయని, హాస్పిటల్‌కి వెళ్లమని చెప్పాను. ఒక్కటీ దాచలేదు. వీధిలోవాళ్లు బయటికొచ్చి చూసేంత గట్టిగా చెప్పాను.

శ్రద్ధగా విన్నారు. విని, ముగ్గురూ తలలు వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నారు.