తివాచీ మీద సాక

శామీర్‌పేట,
2004 మార్చి 9.

రిసార్టు మేనేజరు గారికి,

పాత ద్రాక్ష రైతునని మీరే పిలిస్తే, నిన్న స్పెయిన్ ఎర్ర వైన్ల రుచి చూడటానికి వచ్చాను. మీరు చెప్పినట్టే గ్లాసు తిప్పాను, వాసన చూశాను. తాగేముందు రెండు చుక్కలు కింద పోశాను. మా ఇళ్లలో పోయినవాళ్లకు అలాగే సాక పోస్తాం. మీరు పరుగెత్తుకొచ్చి, నా వయసైనా చూడకుండా, "ఇదేం కల్లు కాంపౌండ్ అనుకున్నావా?" అని అందరి ముందు అరిచారు.

మీ అతిథులు మాత్రం అదే వైను పుక్కిలించి బకెట్లో ఉమ్మారు. "గా బకెట్ల ఉమ్మేటోళ్లను ఏమంటలేరేంది సారూ?" అని అడిగితే నన్ను బయటికి పంపించారు.

నేను మాత్రం మింగాను. అది నీళ్లు ఎక్కువ పెట్టని ముసలి తీగల వైను. తొక్కలోని వగరు ఇంటికొచ్చేదాకా నాలుక మీదే ఉంది. మా నాయిన కూడా కోతకు ముందు తీగలకు నీళ్లు ఆపేవాడు. ఈ సంగతి నన్నెవరైనా అడిగారా?

తివాచీ ఉతికించుకోండి. దాని కింద ఉన్నది ఆయన పెట్టిన ద్రాక్షతోట. మీకు అమ్మింది నేనే, ఒప్పుకుంటాను. ఆ రెండు చుక్కలు ఆయనవి.

ఇట్లు,
మొగులయ్య కొడుకు.